పసికందు ఫిట్స్‌కు కీటో ఆహారం: ముందు కారణం తేలాలి

పుట్టిన కొద్ది వారాల్లోనే ఫిట్స్ మొదలై, రెండు మందులు సరైన మోతాదులో వాడినా లొంగని బిడ్డకు కీటోజెనిక్ డైట్ (కొవ్వు బాగా ఎక్కువ, పిండి పదార్థం చాలా తక్కువ ఉండే ఆహారం) పెట్టాలా వద్దా అన్నది తల్లిదండ్రులకే కాదు, వైద్యులకూ తేలిగ్గా తేలే విషయం కాదు. బరువు తగ్గడానికో షుగర్ అదుపునకో పెద్దలు పాటించే కీటోతో దీన్ని కలిపి చూడకూడదు. ఉపవాసం ఉన్నప్పుడు మూర్ఛ తగ్గుతోందన్న పాత పరిశీలనను పట్టుకుని, తిండి మానకుండానే ఒంట్లో అదే స్థితి తెప్పించేందుకు 1921లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యుడు రస్సెల్ వైల్డర్ ప్రతిపాదించిన చికిత్స ఇది. 1938లో ఫెనిటాయిన్ అనే మూర్ఛ మందు వెలుగులోకి వచ్చాక మరుగున పడి, 1990లలో మళ్లీ ఆదరణ పొందింది.

పెద్ద పిల్లల్లో దీని ప్రయోజనానికి గట్టి ఆధారమే ఉంది. రెండు నుంచి 16 ఏళ్ల వయసున్న 145 మందిపై బ్రిటన్‌లో జరిగి 2008లో వెలువడిన అధ్యయనంలో, మూడు నెలలకు డైట్ పాటించిన వారిలో 38 శాతం మందికి ఫిట్స్ సగానికి పైగా తగ్గగా, పాటించని వారిలో 6 శాతం మందికే ఆ మేలు జరిగింది. అయితే ఆ అంకెలు చూపి పసికందులకూ అంతే ఫలితం వస్తుందని ఆశ పెట్టడం తప్పు. 2023లో వెలువడిన మరో బ్రిటన్ అధ్యయనంలో, అప్పటికే రెండు మందులకు లొంగని 136 మంది శిశువుల్లో కొందరికి డైట్, మిగతావారికి ఇంకో మందు ఇచ్చి చూస్తే, ఆరు నుంచి ఎనిమిది వారాల నాటికి ఫిట్స్ సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. దీన్ని డైట్ ఓటమిగా చదవడానికి నేను ఒప్పుకోను. ఆ దశలో మరో మందు ఎంత పనిచేస్తుందో ఇదీ అంతే పనిచేస్తుందని మాత్రమే దాని అర్థం. పైగా అందులో చేరినవారంతా 1 నుంచి 24 నెలల మధ్య వయసువారు. నెల నిండని బిడ్డల విషయంలో చేతిలో ఉన్నవి విడి కేసుల నివేదికలు, చిన్న చిన్న పరిశీలనలే.

కాబట్టి నిర్ణయం బిడ్డకు ఫిట్స్ ఎందుకు వస్తున్నాయన్న దాన్ని బట్టే జరగాలి. కాన్పు సమయంలో మెదడుకు ఆక్సిజన్ అందక వచ్చే ఫిట్స్ చాలామందిలో కొద్ది రోజుల్లోనే సద్దుమణుగుతాయి. కొందరికి బి6 విటమిన్ ఇస్తేనే ఆగిపోతాయి. కానీ మెదడులోకి గ్లూకోజును చేరవేసే గ్లట్-1 అనే ప్రొటీన్ లోపించిన బిడ్డ సంగతి వేరు. రక్తంలో షుగర్ నిండుగా ఉన్నా ఆ మెదడు పస్తుంటుంది. కొవ్వు నుంచి కాలేయం తయారుచేసే కీటోన్లు మరో దారిలో లోపలికి వెళ్లగలవు గనుక, ఈ జబ్బులో డైటే మొదటి చికిత్స; మందులన్నీ అయిపోయేదాకా ఆగితే మెదడు ఎదిగే విలువైన నెలలు పోతాయి. దీన్ని అనుమానించడానికి ఖరీదైన యంత్రమేమీ అక్కర్లేదు. వెన్ను నీరు తీసి, అదే సమయంలో రక్తం కూడా తీసి, రెండింటిలోనూ గ్లూకోజ్ చూస్తే చాలు. మామూలుగా వెన్ను నీటిలో రక్తంలో ఉన్నదానిలో మూడింట రెండొంతుల దాకా ఉంటుంది; ఈ జబ్బులో తరచూ సగం కూడా ఉండదు. వెన్నులో సూది గుచ్చితే కాళ్లు పడిపోతాయన్న భయంతో కుటుంబాలు వద్దనడం, జంటగా రక్తం తీయడం మరిచిపోవడం వల్ల ఈ పరీక్ష చేజారకూడదు.

ఇదే డైట్ ప్రాణం మీదికి తెచ్చే బిడ్డలూ ఉన్నారు. కొవ్వును శక్తిగా మార్చుకోలేని పుట్టుకతో వచ్చే లోపాలు, కొవ్వును కణాల్లో మండే చోటికి చేర్చే కార్నిటిన్ లోపాలు, పైరువేట్ కార్బాక్సిలేజ్ అనే ఎంజైమ్ లోపం ఉన్నవారికి ఇది నిషిద్ధం. ఈ లోపాల్లో చాలావరకు తల్లి నుంచి, తండ్రి నుంచి చెరో జన్యువు వస్తేనే బయటపడేవి. మేనరికాలు ఇంకా జరుగుతున్న తెలుగు నేల మీద వీటికి ఆస్కారం ఎక్కువే. అందుకే ఈ లోపాలను పట్టిచ్చే మెటబాలిక్ పరీక్షల ఫలితాలు చేతికి రాకముందే డైట్ మొదలుపెట్టడాన్ని నేను ఏ పరిస్థితిలోనూ సమర్థించలేను.

మొదలుపెట్టాక భారమంతా ఇంటి మీదే పడుతుంది. మూడు గ్రాముల కొవ్వుకు ప్రొటీన్, పిండి పదార్థం రెండూ కలిపి ఒక గ్రాము అన్న నిష్పత్తిలో పాలు కలపాలంటే వంటింట్లో గ్రాముల త్రాసు ఉండాల్సిందే. తల్లిపాలు పూర్తిగా మానక్కర్లేదు. చాలాచోట్ల పిండి, కొలిచి, ప్రత్యేక ఫార్ములాతో కలిపి ఇస్తారు. జ్వరం సిరప్‌లోని చక్కెర, ఊరి క్లినిక్‌లో ఎక్కించే గ్లూకోజ్ సెలైన్, అమ్మమ్మ ప్రేమగా నాకించే తేనె కూడా కీటోన్లను పడగొట్టగలవు. మరోవైపు కీటోన్లు మితిమీరితే బిడ్డ మగతగా పడి ఉంటాడు, వాంతులు చేసుకుంటాడు, షుగర్ పడిపోతుంది. ఈ తేడాను అర్ధరాత్రి ఫోన్ చేసినా వివరించగల డైటీషియన్ ఒకరైనా లేని ఆసుపత్రి ఈ చికిత్సకు పూనుకోకపోవడమే మేలు.

ఎప్పుడు ఆపాలో కూడా మొదటి రోజే చెప్పాలి. సాధారణంగా మూడు నెలలు చూసి ఫలితం లేకపోతే మానేస్తారు. బాగా పనిచేస్తే రెండేళ్ల దాకా సాగించి మెల్లగా తగ్గిస్తారు. గ్లట్-1 లోపంలోనైతే కౌమారం దాకా కొనసాగించాల్సి రావచ్చు. ఈ గడువులు ముందే తెలిసిన తల్లి, ఫలితం లేక డైట్ ఆపిన రోజున తన చేతి కొలతలో తప్పు జరిగిందని కుమిలిపోదు.