ఆట గది బయట అమ్మ

థెరపిస్టు చాప మీద కూర్చుని, బంతి చేత పట్టుకుని ‘రెడీ, స్టెడీ’ అని ఆగిపోతుంది. ఎదురుగా ఉన్న మూడేళ్ల పిల్లవాడు తలెత్తి ఆమె కళ్లలోకి చూసినప్పుడే ‘గో’ అంటుంది, బంతి దొర్లుతుంది. మాటకు ముందు పుట్టవలసింది ఆ చూపే. బెంగళూరులో ఆట ద్వారా చికిత్స (ప్లే థెరపీ) చేసే ఇలాంటి గదుల ముందు వేచి ఉండేవారిలో మన తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. పిల్లవాడు లోపల, అమ్మ బయట ఫోను చూసుకుంటూ. మా అభ్యంతరం ఆ మూసిన తలుపు మీదే.

పిల్లల మనసులోని భయాలను, దుఃఖాన్ని ఆటలో బయటకు రానివ్వాలని, పెద్దలు దారి చూపకుండా వెంట నడవాలని అమెరికా మనస్తత్వవేత్త వర్జీనియా ఆక్స్‌లైన్ 1947లోనే రాశారు. ఎదుగుదలలో వెనుకబడిన పిల్లల విషయంలో ఆటకు మరో పని కూడా ఉంది: వంతు కోసం ఆగడం, ఒకే వస్తువును ఇద్దరూ కలిసి చూడడం, కావలసింది సైగతోనైనా అడగడం. అంతమాత్రాన ఆట సర్వరోగ నివారిణి కాదు. మాట రాని బిడ్డకు ముందు వినికిడి పరీక్ష జరగాలి. స్పీచ్ థెరపీ, ఫిజియోథెరపీ అవసరమైనచోట వాటిని మాన్పించి ఆట గదికే పంపడం అపచారం.

వారానికి రెండుసార్లు ముప్పావుగంట చొప్పున వెళ్తే, 168 గంటల్లో గదిలో గడిచేది గంటన్నరే. మిగతా సమయమంతా ఇంట్లోనే గడుస్తుంది, ఆ ఇంటి భాష తెలుగు. రెండు భాషల వల్లనే మాట ఆలస్యమైందని, తెలుగు మానేసి ఇంగ్లిషులోనే మాట్లాడమని సలహా ఇచ్చేవారు ఇంకా ఉన్నారు. రెండు భాషలు వినడం వల్ల ఎదుగుదల ఆగదని పరిశోధనలు తేల్చిన తర్వాత కూడా ఇలా చెప్పడం, ఇంగ్లిషు రాని నానమ్మను బిడ్డకు దూరం చేయడమే. నిజానికి ఆమె చేతిలో ఉన్నంత సరంజామా ఏ గదిలోనూ లేదు. చెమ్మచెక్కలో వంతుంది, దాగుడుమూతల్లో కనబడని మనిషి ఉన్నాడన్న నమ్మకం ఉంది, గుజ్జనగూళ్లలో లేని అన్నాన్ని వండి వడ్డించే ఊహ ఉంది. స్టీలు గ్లాసు కింద గోలీ దాచి ‘ఏదీ?’ అని ఆగడం ఆమెకు ఒక్కసారి చూపిస్తే చాలు.

ఫీజు కట్టలేని వారి సంగతి వేరు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకు ఏటా రెండుసార్లు వైద్య బృందాలు వెళ్లి ఎదుగుదల లోపాలను గుర్తించాలి. బెంగళూరులో పునాదులు లేచేచోటికి గుడారం మార్చుకునే పాలమూరు, అనంతపురం కూలీల పిల్లలు ఆ రోజున ఏ అంగన్‌వాడీలో ఉంటారు? యాభై మందికి మించి మహిళలు పనిచేసే నిర్మాణ స్థలంలో ఆరేళ్లలోపు పిల్లలకు గది ఉండాలని 1996 నాటి చట్టమే చెప్పింది. కర్ణాటక కార్మిక శాఖ ఆ గదులు ఉన్నాయో లేదో చూడాలి, ఆరోగ్య శాఖ తన బృందాలను అక్కడికీ పంపాలి. ప్రైవేటు కేంద్రాలు ప్రతి సెషన్‌లో చివరి పది నిమిషాలైనా అమ్మను చాప మీద కూర్చోబెట్టి, బంతి ఆమె చేతికివ్వాలి. ‘ఒకటి, రెండు’ అని ఆమె తెలుగులోనే ఆగుతుంది.