మనోళ్లే కదా అని ఇచ్చిన కిరాయి ఇల్లు

మహారాష్ట్రలోని బల్లార్షాలో మా అమ్మ దగ్గర ఎర్ర అట్ట నోటుబుక్కు ఒకటి ఉంది. పెరట్లో ఉన్న రెండు ఖోలీల, అంటే గదుల, కిరాయి లెక్కంతా అందులోనే. నెల పేరు, ఎంత ఇచ్చారు, సబ్‌మీటర్ రీడింగ్ ఎంత, అంతే. ఎవరి సంతకమూ ఉండదు. ఇన్నేళ్లలో ఎవరికీ ఒక్క రశీదు ఇచ్చింది లేదు. అడిగితే, "మనోళ్లే కదరా, కాగితాలెందుకు?" అంటుంది. అద్దెకున్నవాళ్లూ అదే మాట అంటారు.

ఈ మాట చంద్రపూర్, రాజురా, సిరొంచాల్లోనూ, అటు నాందేడ్ జిల్లా ధర్మాబాద్, దెగ్లూర్‌లలోనూ వింటాం. పేపర్ మిల్లు, బొగ్గు గనులు, థర్మల్ ప్లాంటు పనుల కోసం కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చినవాళ్ల రెండో తరం, మూడో తరం ఇప్పుడు ఇళ్లు కట్టుకున్నారు. కొత్తగా పనికి వచ్చేవాళ్లు వాళ్ల దగ్గరే ఖోలీ తీసుకుంటారు. భాష కలిసింది, ఊరు కలిసింది, ఒక్కోసారి చుట్టరికం కూడా కలుస్తుంది. ఆ నమ్మకాన్ని నేను తక్కువ చేయను. కొత్త ఊళ్లో దిగినవాడికి మొదటి రాత్రి తల దాచుకునే చోటు దొరికేది దానివల్లే. కానీ గొడవ వచ్చినరోజు ఆ నమ్మకం ఇద్దరిలో ఎవరికీ అక్కరకు రావడం లేదు. అది నేను మా ఇంట్లోనే చూశాను.

ముందు ఒక అపోహ సంగతి. కాగజ్‌నగర్‌లో, మంచిర్యాలలో ఇల్లు కిరాయికి ఇస్తే పదకొండు నెలల అగ్రిమెంట్ రాసుకుంటారు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాదికి మించిన లీజుకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టి, ఒక నెల తగ్గించి ఆ ఖర్చు తప్పించుకుంటారు. రైలెక్కి ఇటు వచ్చినవాళ్లు ఆ అలవాటునూ వెంట తెచ్చుకున్నారు. స్టాంప్ పేపర్ మీద రాయించి, నోటరీ ముద్ర కొట్టించి, పని అయిపోయిందనుకుంటారు. మహారాష్ట్రలో అది చాలదు. 2000 మార్చి 31 నుంచి అమల్లో ఉన్న మహారాష్ట్ర రెంట్ కంట్రోల్ చట్టం, 1999లోని 55వ సెక్షన్, వేరే ఏ చట్టం ఏం చెప్పినా సరే, కిరాయి ఒప్పందం రాతలో ఉండాలి, రిజిస్టర్ కావాలి అంటుంది. పదకొండు నెలలైనా, ఐదేళ్లైనా అంతే. (ఆ చట్టం రాకముందు నాందేడ్ వైపు పాత హైదరాబాద్ రాష్ట్రపు 1954 నాటి అద్దె చట్టం నడిచింది, చంద్రపూర్ వైపు సెంట్రల్ ప్రావిన్సెస్ కాలపు 1949 ఉత్తర్వు నడిచింది. మన పెద్దవాళ్ల మాటల్లో ఇంత గందరగోళం ఉండటానికి అదీ ఒక కారణమే.) చట్టం ప్రతి పల్లెకూ వర్తించదు, ప్రకటించిన ప్రాంతాలకే వర్తిస్తుంది. కాబట్టి చిన్న ఊళ్లో ఉన్నవాళ్లు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఒకసారి అడిగి తెలుసుకోవడం మంచిది.

రిజిస్ట్రేషన్ చేయించే బాధ్యత ఎవరిది? ఓనర్‌ది. చేయించకపోతే మూడు నెలల దాకా జైలు, ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అంతకంటే గట్టి దెబ్బ ఇంకొకటుంది. రిజిస్టరైన కాగితం లేకపోతే, కిరాయి ఎంత, గడువు ఎంత, షరతులు ఏమిటి అన్నదానిపై కిరాయిదారు చెప్పిన మాటే చెల్లుతుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది ఓనరే. కాగితం ఉంటే కిరాయిదారుకే లాభం అనుకుని వెనకాడే ఓనర్లు నాకు చాలామంది తెలుసు. చట్టం చదివితే నిజం తిరగబడి కనిపిస్తుంది. కాగితం లేకుండా ఎక్కువ నష్టపోయేది వాళ్లే.

మా అమ్మకు అది అనుభవం మీదే తెలిసింది. కొన్నేళ్ల కింద ఒక కుటుంబం ఏడాదిలో ఖాళీ చేస్తామని చేరింది. గడువు దాటాక, "మేం ఎన్నాళ్లైనా ఉండొచ్చన్నారు కదా" అన్నారు. కిరాయి మీదా మాట మార్చారు. అమ్మ నోటుబుక్కు తెరిచి చూపించింది. అందులో ఆమె చేతిరాత తప్ప ఇంకేమీ లేదు. చివరికి కులపెద్దలు కూర్చుని తెంచారు. రెండు నెలల కిరాయి పోయింది, ఏడాది పొడవునా టెన్షన్ మిగిలింది. రిజిస్టరైన లీవ్ అండ్ లైసెన్స్ ఒప్పందం (గడువు పెట్టి, ఇంట్లో ఉండటానికి అనుమతి మాత్రమే ఇచ్చే కాగితం) ఉండి ఉంటే అదే రెంట్ చట్టం 24వ సెక్షన్ కింద కాంపిటెంట్ అథారిటీకి, అంటే ఇలాంటి కేసులు చూసే అధికారికి, దరఖాస్తు చేసుకునే దారి ఉండేది. గడువు దాటి ఉన్నన్నాళ్లూ రెట్టింపు కిరాయి అడిగే హక్కు కూడా ఉండేది.

ఇక రెండో వైపు. మా పిన్ని కొడుకు చంద్రపూర్‌లో రేకుల ఖోలీలో కిరాయికి ఉండేవాడు. కిరాయి ఏ నెలా ఆపలేదు. ఎక్కువ డబ్బిచ్చే కాంట్రాక్టు కూలీల గుంపు దొరికేసరికి ఓనర్ ఖాళీ చేయమన్నాడు. వీడు నెల టైమ్ అడిగాడు. మర్నాడు మధ్యాహ్నానికల్లా కరెంటు తీసేశాడు. మే నెల, చంద్రపూర్, పైన రేకు. కిటికీలో కూలర్ ఆగిపోయింది. తొట్టిలో నీళ్లు అట్లాగే ఉన్నాయి, మరదలు వాటిలోనే చీర కొంగు తడిపి ఎనిమిది నెలల పిల్లను తుడుస్తూ కూర్చుంది. మూడో రోజుకు సామాను సర్దుకున్నారు. రెంట్ చట్టం 29వ సెక్షన్ ప్రకారం సరైన కారణం లేకుండా నీళ్లు, కరెంటు ఆపడం నేరం. కోర్టుకు వెళ్తే తిరిగి ఇప్పించమని ఆదేశం వస్తుంది. ఓనర్ తనంతట తానే తాళం వేసి బయటికి పంపేస్తే, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం ఆరో సెక్షన్ కింద ఆరు నెలల్లోపు దావా వేసి ఇల్లు తిరిగి పొందవచ్చు. కిరాయి బాకీ పడినా ఓనర్ వెంటనే కోర్టుకు పోలేడు, రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి తొంభై రోజులు ఆగాలి. ఇచ్చిన కిరాయికి రశీదు ఇవ్వడం కూడా ఓనర్ బాధ్యతే. వీటిలో ఒక్కటీ మా వాడికి తెలియదు. "ఠాణాలో ఫారం ఇచ్చాంగా" అన్నాడు. అది పోలీసుల దగ్గర ఉండే కిరాయిదారు వివరాల కాగితం. ఒప్పందానికీ దానికీ సంబంధం లేదు.

అయితే అందరూ రిజిస్టర్ ఎందుకు చేయించరు అని ఓనర్లను మాత్రమే తప్పుపట్టలేం. స్టాంప్ డ్యూటీ మొత్తం కిరాయి మీద 0.25 శాతమే. నెలకు 3,000 చొప్పున పదకొండు నెలలకు లెక్క కడితే వంద రూపాయలు కూడా దాటదు. కానీ రిజిస్ట్రేషన్ ఫీజు పట్టణంలో 1,000 రూపాయలు, గ్రామంలో 500. పైన ఇంటికొచ్చి వేలిముద్రలు తీసుకునే ఏజెంటు కూలి. పుణెలో 30,000 కిరాయి ఫ్లాట్‌కూ అంతే ఫీజు, బల్లార్షాలో 3,000 ఖోలీకీ అంతే ఫీజు. ఇక్కడ అది నెల కిరాయిలో మూడో వంతు. ఏటా ఎవరు భరిస్తారు? నా అభిప్రాయంలో ఐదు వేల లోపు కిరాయికి ప్రభుత్వం ఈ ఫీజు పూర్తిగా ఎత్తేయాలి. అది చేయకుండా 55వ సెక్షన్ కింద జైలు అని భయపెడితే, జనం ఇంకా నోటుబుక్కుల్లోకే పోతారు.

డబ్బు లేనివాళ్లు కోర్టుకు పోలేరన్నది కూడా పూర్తిగా నిజం కాదు. 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం కింద జిల్లా కోర్టులో, తాలూకా కోర్టుల్లో ఉచిత న్యాయసహాయం ఉంది. ఎస్సీ, ఎస్టీలు, మహిళలు, పారిశ్రామిక కార్మికులు ఆదాయంతో సంబంధం లేకుండా అర్హులు. మిల్లులో, గనిలో చేసేవాళ్లు చాలామంది ఇందులోకి వస్తారు. కిరాయిదారుకే కాదు, మా అమ్మలాంటి ఓనర్‌కూ వస్తుంది, ఆమె మహిళ కాబట్టి. 15100 నంబరుకు ఫోన్ చేస్తే దారి చెబుతారు. కేసు వేయకముందే లోక్ అదాలత్‌కు తీసుకెళ్లవచ్చు. అక్కడ కుదిరిన ఒప్పందం కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు ఉండదు. కులపెద్దలు చేసిన తీర్పుకు ఆ బలం లేదు.

అడ్డం పడుతున్నది భాషే. అగ్రిమెంట్ మరాఠీలోనో ఇంగ్లిష్‌లోనో ఉంటుంది. మరాఠీ ధారాళంగా మాట్లాడేవాళ్లు కూడా ఆ కాగితపు మరాఠీ ముందు తడబడతారు. తెలుగు తెలిసిన పారాలీగల్ వాలంటీర్‌ను (లాయరు కాకపోయినా చట్టం సంగతులు చెప్పి దారి చూపే మనిషిని) ప్రతి తాలూకా న్యాయసహాయ కమిటీలో ఒక్కరినైనా పెట్టాలి. ఓనర్ బాధ్యతలు, కిరాయిదారు హక్కులు రాసిన ఒక పేజీ తెలుగు కాగితం సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు గోడ మీద అంటించాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు.

ఈసారి కొత్త జంట చేరినప్పుడు అమ్మను ఒప్పించి ఏజెంటును పిలిపించాం. ఫీజు సగం సగం. సంతకానికి ముందు నేను మరాఠీ కాగితం వరసగా చదివి తెలుగులో చెప్పాను. ఏడో షరతు దగ్గర ఆ అమ్మాయి ఆపింది. "ఓనర్ ఎప్పుడంటే అప్పుడు ఖాళీ చేయించొచ్చని ఉందా పెద్దమ్మా?" అంది. అమ్మ నా వైపు చూసింది, ఏజెంటు వైపు చూసింది. "అదేంది, ఎవరికైనా నెల ముందు చెప్పాలని రాయి" అంది. అతను లాప్‌టాప్‌లో మార్చాడు. తర్వాత అమ్మ బొటనవేలు మిషన్ మీద పెట్టింది. అంట్లు తోమి అరిగిన వేలు, నాలుగోసారికి పడింది.