నా ముత్తాత పేరు ఎవరి నుంచి దాస్తున్నారు?

పాత జనగణన కాగితాల్లో మా ముత్తాత పేరు చూడాలని అడిగితే ఆఫీసులో నాలుగు గదులు తిప్పారు. చివరి గదిలో ఉన్న ఉద్యోగి సమోసా నూనె వేళ్లను ఫైలు అట్టకే తుడుచుకుంటూ, "అవి గోప్యమండీ" అన్నాడు. ఆ ఫైలుకు దక్కే మర్యాద చూస్తూనే ఉన్నాను!

సరే, 1948 జనగణన చట్టం 15వ సెక్షన్ చూపించవద్దనే అంటుంది. కానీ ఎన్నాళ్లు? గడువే లేదు! అమెరికా 72 ఏళ్లు ఆగి, 1950 నాటి పేర్లను 2022లో బయటపెట్టింది. ఇంగ్లండ్ నూరేళ్లు ఆగి 1921వి తెరిచింది. మనకు మాత్రం పట్టికలే గతి. ఇంతమంది మగవాళ్లు, ఇంతమంది ఆడవాళ్లు. అందులో మా ముత్తాత ఒక అంకె.

భూమి ఉన్నవాళ్ల పేర్లు 1954-55 ఖాస్రా పహాణీలో, అంటే తెలంగాణ పాత భూమి రికార్డులో, దొరుకుతాయి. గుంట భూమి లేక పాలమూరు నుంచి బొంబాయికి మట్టి పనికి వెళ్లినవాడిని ఎక్కడ వెతకాలి? అసలు ఆ కాగితాలు ఉన్నాయా, చెదలు తిన్నాయా? దానికీ జవాబు లేదు.

పోయి అరవై ఏళ్లయిన మనిషి గోప్యతను ఎవరి నుంచి కాపాడుతున్నారు? నా నుంచా?