మాటల్లేని పేజీలే ‘లుక్ బ్యాక్’ బలం

మాంగా (జపాన్ బొమ్మల కథలు) అనగానే పదుల సంపుటాలు చదవాలేమోనని జంకేవాళ్లు చిన్నవాటితో మొదలుపెట్టాలన్న మాట నూటికి నూరుపాళ్లు నిజం. అలాంటి చిన్నవాటి జాబితాలో తత్సుకి ఫుజిమోతో అనే మాంగా కళాకారుడు రాసి గీసిన ‘లుక్ బ్యాక్’ తప్పకుండా ఉండాలి. 140 పైచిలుకు పేజీలు, ఒక్క బిగిన అయిపోతుంది.

బడి పత్రికలో నాలుగు గడుల కార్టూన్లు గీస్తూ అందరి మెప్పూ పొందే ఫుజినోకి, బడికే రాని క్యోమోతో అనే పిల్ల గీసిన బొమ్మలు పక్కనే అచ్చయ్యేసరికి అహం దెబ్బతింటుంది. ఆ తర్వాత బల్ల ముందు కూర్చుని గీస్తున్న ఫుజినో వీపు మాత్రమే కనిపిస్తుంది. రుతువులు మారుతుంటాయి, వీపు కదలదు. అసూయ, కసి, ఒంటరితనం మూడూ ముఖం చూపించకుండానే చెప్పేశాడు మహానుభావుడు!

ఇంకా గొప్పది వాన సన్నివేశం. తనని ఓడించిందనుకున్న ఆ క్యోమోతో స్వయంగా ‘నేను మీ అభిమానిని’ అంటే, ఫుజినో ఎదుట బెట్టు చేసి, దారిలో వానలో తడుస్తూ గంతులేస్తుంది. పొగడ్త మనిషిని ఎలా నిలబెడుతుందో అంత నిజాయితీగా చూపినవి నేను చాలా తక్కువ చదివాను.

ద్వితీయార్ధంలోని విషాదం చెప్పను. అయితే 2019 జులై 18న జపాన్‌లో యానిమేషన్ చిత్రాలు తీసే క్యోటో యానిమేషన్ స్టూడియోకి నిప్పుపెట్టిన ఘోరంలో 36 మంది పోయారు. దానికి రెండేళ్లు నిండిన మర్నాడే, 2021 జులై 19న, ఈ కథ వచ్చింది. అది తెలిసి చదివితే గుండె పట్టేస్తుంది.

2024లో వచ్చిన సినిమా కూడా బాగుంది, కానీ దయచేసి ముందు పుస్తకమే చదవండి. ఏ గడి దగ్గర ఎంతసేపు ఆగాలో అక్కడ మన ఇష్టం.