కట్టని వడ్డీయే అసలైన ఆదాయం

షేర్ల ధరలు రోజూ ఎగిరిపడుతుంటాయి, మదుపరుల రక్తపోటుతో సహా. ప్రైవేటు క్రెడిట్‌లో ఆ బెడద లేదు. ఫండు నేరుగా కంపెనీకి అప్పిస్తుంది. ఆ అప్పు మార్కెట్లో పెద్దగా చేతులు మారదు కాబట్టి, దాని విలువెంతో మూడు నెలలకోసారి ఫండే లెక్కగట్టి చెబుతుంది. తన జవాబు పత్రం తానే దిద్దుకునే విద్యార్థి తప్పడం ఎక్కడైనా చూశామా? ఒకే అప్పుకు రెండు ఫండ్లు రెండు విలువలు వేసుకున్న సందర్భాలూ ఉన్నాయి. ఇద్దరూ ఫస్టు క్లాసే.

2008 సంక్షోభం తర్వాత బ్యాంకులకు పగ్గాలు బిగించారు. అప్పుల వ్యాపారం మెల్లగా ఇటు జరిగి, 2023 నాటికి 2 లక్షల కోట్ల డాలర్లు దాటిందని అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్) లెక్క. పోనీ బ్యాంకులైనా గట్టెక్కాయి కదా అనుకుంటే, ఈ ఫండ్లకు అప్పులిచ్చేవాళ్లలో అవీ ఉన్నాయి.

అన్నింటిలోకీ నాకు ముచ్చటగొలిపేది ‘పిక్’ (పేమెంట్ ఇన్ కైండ్), అంటే నగదుగా కట్టని వడ్డీ. కంపెనీ దగ్గర నగదు లేదా? దిగులెందుకు! 100 డాలర్ల అప్పు మీద 12 డాలర్ల వడ్డీని అసలులో కలిపేస్తారు. బాకీ 112 అవుతుంది, చేతికి రాని ఆ 12 ఫండు పుస్తకాల్లో ఆదాయమవుతుంది. మరుసటి ఏడూ కట్టకపోతే బాకీ 125 దాటుతుంది, ఆదాయమూ పెరుగుతుంది. వెనకటి వడ్డీ వ్యాపారి దీన్ని మొండి బాకీ అని తల పట్టుకునేవాడు. పాపం, చదువుకోలేదు.

2025 సెప్టెంబరులో అమెరికాలో కార్ల అప్పులిచ్చే ట్రైకలర్, విడిభాగాల సంస్థ ఫస్ట్ బ్రాండ్స్ దివాలా తీశాయి. ఒకే తాకట్టును పలువురికి చూపించారన్నది ఆరోపణ. ట్రైకలర్ దెబ్బకు 17 కోట్ల డాలర్లు పోగొట్టుకున్న జేపీ మోర్గాన్ బ్యాంకు అధిపతి జేమీ డైమన్, ఒక బొద్దింక కనబడిందంటే ఇంకా ఉండే ఉంటాయన్నారు. అవి మీ బ్యాంకులోనే ఉన్నాయేమో చూసుకోండని ఫండ్ల వైపు నుంచి జవాబొచ్చింది. గమనించారా, బొద్దింకలు లేవని ఎవరూ అనలేదు. తగవంతా అవి ఎవరి వంటింట్లోవన్న దాని మీదే.

ఇక సామాన్య మదుపరులకూ తలుపులు తెరుస్తున్నారు. లోపలికి వచ్చే తలుపు విశాలమే. బయటికి వెళ్లేటప్పుడు మాత్రం, ఇలాంటి చాలా ఫండ్లలో మూడు నెలలకు ఫండు మొత్తం విలువలో 5 శాతమే పరిమితి. అందరూ ఒకేసారి డబ్బడిగితే ఏమవుతుందోనని కాగితం మీద లెక్క వేశాను. ప్రతిసారీ మిగిలినదానిలో 5 శాతం చొప్పున ఇస్తే, ఐదేళ్ల తర్వాత కూడా నూటికి 36 వంతులు లోపలే ఉన్నాయి. లెక్క తప్పేమోనని మళ్లీ వేశాను. అయినా అవి బయటికి రాలేదు.