కాన్ఫిగర్ స్క్రిప్టు గారికి బహిరంగ మనవి

మహారాజశ్రీ లిబ్‌ఎస్‌టీడీసీ++ కాన్ఫిగర్ స్క్రిప్టు గారికి,

ఉభయకుశలోపరి. సీ లైబ్రరీని పరీక్షించి, సీ++ ప్రామాణిక లైబ్రరీ లిబ్‌ఎస్‌టీడీసీ++లో ఏవి ఉండాలో తేల్చేది తమరే కదా. మాది 12కు ముందటి పాత జీసీసీ కంపైలర్. దాని బిల్డు నిర్విఘ్నంగా ముగిసింది, ఇన్‌స్టాలూ అయింది. తీరా మొదటి ప్రోగ్రామ్ ఇవ్వగానే ఎస్‌టీడీలో (ఆ లైబ్రరీ పేర్లన్నీ ఉండే చోటు) డబ్ల్యూస్ట్రింగ్ అనే సభ్యుడే, అంటే వైడ్ క్యారెక్టర్లతో మాటలు దాచే రకమే, లేడంది కంపైలర్. ఆ సభ్యత్వం రద్దు చేసింది తమరే. ఆ కారణం పైకి పొక్కనీయకపోవడం తమ పెద్దరికం.

తమ పరీక్షా పద్ధతి మాకు తెలియనిది కాదు. సీ లైబ్రరీలో డబ్ల్యూచార్, డబ్ల్యూసీటైప్ హెడర్లు ఉన్నాయో లేదో చూస్తారు. ఆపైన బీటూడబ్ల్యూసీ, ఎఫ్‌గెట్‌డబ్ల్యూసీ, ఎఫ్‌వైడ్, ఎస్‌డబ్ల్యూప్రింట్‌ఎఫ్ మొదలుకొని వైడ్ క్యారెక్టర్ ఫంక్షన్ల పేర్లన్నీ ఒకే చిన్న ప్రోగ్రామ్‌లో పేర్చి కంపైల్ చేస్తారు. ఒక్క పేరు దొరక్కపోయినా అన్నిటికీ నో. డబ్ల్యూస్ట్రింగ్ బతకడానికి డబ్ల్యూసీఎస్‌లెన్, డబ్ల్యూమెమ్‌కాపీ లాంటివి అరడజను చాలు. అయినా జీసీసీ 12 రాకముందు, ఎఫ్‌వైడ్ లేదని దాన్నీ తోసేసేవారు, బ్యాండు మేళం రాలేదని పెళ్లే రద్దు చేసినట్టు. విండోస్‌లో యూనిక్స్ తరహా వాతావరణం ఇచ్చే సిగ్విన్ వాడేవాళ్లది, 2009 చివర్లో దాని 1.7 వచ్చేదాకా, ఇదే గతి.

వైడ్ క్యారెక్టర్లు కావాలంటూ ఎనేబుల్-డబ్ల్యూచార్_టీ అని ఆప్షన్ ఇచ్చి మురిసిపోయేవాళ్లను చూసి తమరు లోలోపల నవ్వుకుంటారు కాబోలు. అది ఎలాగూ డిఫాల్టుగా ఆన్‌లోనే ఉంటుంది, తీర్పు మాత్రం ఆ పరీక్షదే. కొందరు తెలివిగా జీఎల్‌ఐబీసీఎక్స్‌ఎక్స్_యూజ్_డబ్ల్యూచార్_టీ మాక్రోను చేత్తో డిఫైన్ చేస్తారు. హెడర్లు నమ్మేస్తాయి, కోడు ముక్కలను కలిపే లింకర్ నమ్మదు. లైబ్రరీలో ఆ కోడే లేదు మరి, అన్‌డిఫైన్డ్ రెఫరెన్సులు బారులు తీరతాయి.

తమరు కారణం రాసిపెట్టే చోటు కూడా సామాన్యమైనది కాదు. టార్గెట్ (ప్రోగ్రాములు నడవాల్సిన యంత్రం) లైబ్రరీల దగ్గరికి తమరు వచ్చేదే మేక్ సగంలో. కాబట్టి బిల్డు డైరెక్టరీ మొదట్లో ఉన్న కాన్ఫిగ్.లాగ్ ఎంత తిరగేసినా అమాయకంగానే కనిపిస్తుంది. అసలుది టార్గెట్ పేరున్న ఫోల్డర్‌లో, లిబ్‌ఎస్‌టీడీసీ++-వీ3 కింద ఉంటుంది. అందులో డబ్ల్యూచార్ అని వెతికితే దొరకని ఫంక్షన్ పేరు బయటపడుతుంది.

దోషం తమది కాదు, సీ లైబ్రరీదే అంటారా? ఒప్పుకుంటాం. చిన్న పరికరాల కోసం చేసిన సీ లైబ్రరీ యూసీలిబ్‌సీ-ఎన్‌జీలో వైడ్ క్యారెక్టర్లు ఐచ్ఛికం. అలాంటి పరికరాలకు లినక్స్ కట్టిపెట్టే బిల్డ్‌రూట్‌లో అయితే మెనూకాన్ఫిగ్ తెరిచి, టూల్‌చెయిన్ (కంపైలర్, లైబ్రరీల కట్ట) కింద డబ్ల్యూచార్ సపోర్ట్ టిక్ పెట్టాలి. మార్చి ఊరికే మేక్ కొడితే పాత టూల్‌చెయినే మిగులుతుంది. ముందు మేక్ క్లీన్, తర్వాత మొత్తం బిల్డు. జీసీసీని విడిగా కట్టేవాళ్లకైతే, సీ లైబ్రరీ సరిచేశాక ఖాళీ బిల్డు డైరెక్టరీలో మళ్లీ మొదలుపెట్టడమే మేలు. పాత దాంట్లో తమరి పాత జవాబులే ఉంటాయి. అయ్యాక సీ++కాన్ఫిగ్.హెచ్‌లో ఆ మాక్రో విలువ 1గా కనిపించాలి.

ఇంత చేసి డబ్ల్యూస్ట్రింగ్‌ను రప్పిస్తే, అందులో "తెలుగు" అనే ఆరు కోడ్ పాయింట్ల మాట లినక్స్‌లో 24 బైట్లు, విండోస్‌లో 12. మామూలు స్ట్రింగ్‌లో, యూటీఎఫ్-8గా అయితే 18. పైగా భాషా అమరికలు పెట్టే సెట్‌లొకేల్‌ను పిలవకుండా, వైడ్ అక్షరాలను తెరమీద వేసే డబ్ల్యూకౌట్‌కి ఇస్తే తెరమీద ప్రశ్నార్థకాలు! అది తమ శాఖ కాదులెండి.

కోరేది ఒక్కటే. ఈసారి నో అనేటప్పుడు, పక్కనే ఆ దొరకని ఫంక్షన్ పేరు కూడా తెరమీద వేయించండి.

ఇట్లు,
మేక్ పూర్తయ్యేదాకా కాచుకున్న తమ విధేయులు