‘డౌట్’లో నాలుగో స్థానాన్ని ఆక్రమించిన ‘బీ’ గారికి

మహారాజశ్రీ బీ అక్షరం గారికి,

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి నమస్కారాలు. ఇంగ్లిషు ‘డౌట్’ (doubt) రాతలో ఉండి కూడా తమరు పలకరని లోకమంతటికీ తెలుసు కనుక ఈ లేఖకు జవాబు ఆశించడం లేదు.

నిన్న ఒక కార్యాలయంలో నా దరఖాస్తు మళ్లీ వెనక్కి వచ్చింది. కారణం తమరే. పదో తరగతి సర్టిఫికెట్‌లో నా పేరు వీతో మొదలవుతుంది. భూమి పట్టాలో ఒడియా లిపిలో ‘బెంకటరమణ’ అని ఉంది. దాన్ని ఇంగ్లిషులో కంప్యూటర్‌కు ఎక్కించిన మహానుభావుడు వీని దింపేసి తమరిని కూర్చోబెట్టాడు. ‘ఈ ఇద్దరూ ఒకరేనని ఏమిటి నమ్మకం?’ అన్నారు గుమాస్తా గారు. ఇద్దరికీ తండ్రి ఒకడే, పుట్టిన తేదీ ఒకటే, ఫొటోలో ముఖం ఒకటే, ఆయన ఎదుట చెమటలు కక్కుతూ నిలబడిన శాల్తీ కూడా ఒకటే. అయినా ఆయన భోజనానికి వెళ్లి, వచ్చి, ఫ్యాను కింద కాసేపు కళ్లు మూసుకుని ఆలోచించి, చివరకు ఫైలు మీద ఎర్ర సిరాతో ఒక ముక్క రాశారు. ‘నేమ్ డౌట్’.

అందులో తమరు లేరు. డి, ఓ, యు, టి. అంతే.

ఒక బీ ఎక్కువైందని నన్ను తిప్పి పంపిన మనిషి, రాయవలసిన చోట బీని మింగేశారు. ఆయనకు ఆ మాటే ఇష్టం మరి. ‘సందేహం’ అని రాసి ఉంటే ఆయన ఒడియాకూ నా తెలుగుకూ ఒకేలా సరిపోయేది. కాకపోతే ఫైలుకు ఆ గాంభీర్యం రాదు.

ఇంటికి వచ్చి తమరి పుట్టుపూర్వోత్తరాలు తిరగేశాను. తీరా చూస్తే గుమాస్తా గారిదే ఒప్పని తేలింది! 1200 ప్రాంతంలో ‘డౌట్’ అనే క్రియాపదం ఫ్రెంచి నుంచి ఇంగ్లిషులోకి వచ్చినప్పుడు తమరి జాడే లేదు. పాత ఇంగ్లిషు కవి చాసర్ రోజుల్లో డి, ఓ, యు, టి, ఇ అని రాసుకున్నారు, అలాగే పలికారు, ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. ఆ తర్వాత లాటిన్ తలకెక్కిన పండితులు దిగారు. ఈ మాటకు తాతగారు లాటిన్‌లోని ‘దుబితారే’ కదా, ఆయన ఒంట్లో బీ ఉంది కదా, మనవడికి లేకపోతే వంశానికి అప్రతిష్ఠ కదా అనుకుని తమరిని తెచ్చి మధ్యలో ఇరికించారు. చేతికి చెప్పారు, నోటికి చెప్పడం మరిచారు. ఫ్రెంచివారు కూడా కొంతకాలం తమరిని ఆ మాటలో ఉంచుకుని చూశారు. వాళ్లు తెలివైనవాళ్లు, తర్వాత సాగనంపారు. ఇంగ్లిషువారికి మొహమాటం ఎక్కువ.

ఇదీ నాకు మింగుడుపడని సంగతి. ఎన్నో వందల ఏళ్ల కిందటి రోమన్ తాత పేరు చెబితే తమరికి వారసత్వం వచ్చేసింది. నోటరీ లేదు, సాక్షి సంతకం లేదు, ‘రేపు రండి’ లేదు. నా దగ్గర మా తాతగారి కాగితం ఉంది. ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో ఉన్న కాలం నాటిది. అందులో ఆయన పేరు, అంటే నాకు పెట్టిన పేరే, తెలుగులో గుండ్రంగా ‘వెంకటరమణ’ అని ఉంది. గుమాస్తా గారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ‘ఇది ఏ భాష?’ అన్నారు. పర్లాకిమిడిలో, అయ్యా! గిడుగు రామమూర్తి పంతులు గారు పిల్లలకు పాఠాలు చెప్పిన ఊళ్లో! జనం నోట ఆడే భాష ఒకటి, పుస్తకంలో రాసే భాష మరొకటి అయితే చదువు ఎలా వస్తుందని ఆ పెద్దమనిషి ఇక్కడి నుంచే పండిత లోకంతో తగవు పెట్టుకున్నారు. 1936లో ఈ ఊరు ఒడిశాలో కలిసినప్పుడు మనసొప్పక రాజమండ్రికి వెళ్లిపోయారు. తమరిని చూసి ఉంటే ఏమనేవారో ఊహించగలను కానీ, ఆయన నోటిలో మాట పెట్టే సాహసం చేయను.

పలకని అక్షరాలు మాకు లేవని కాదు. అరసున్న ఉండేది. ‘వాఁడు’ అని రాసి ‘వాడు’ అని చదివేవారు. కానీ అది ఒకప్పుడు నోట పలికిన సున్నాయే. పాత శాసనాల్లో నిండుగా కనిపిస్తుంది. తన పని అయిపోయాక కొంతకాలం అర్ధాకారంలో వేలాడి, పత్రికలు వద్దన్నాక మర్యాదగా తప్పుకుంది. తమరి కులంలోనూ నిజాయితీపరులున్నారు. ‘క్లైమ్’ (climb) చివర ఉన్న బీ పాత ఇంగ్లిషులో చక్కగా పలికేది, ఇప్పుడు విశ్రాంతి తీసుకుంటోంది, తీసుకోనీయండి. ‘డౌట్’లో తమరు ఇంగ్లిషువాడి నోట ఒక్కనాడూ పని చేసిన దాఖలా లేదు. ఇక తమరి మిత్రబృందం. ‘రిసీట్’ (receipt)లో పీ అదే లాటిన్ దొడ్డిదారిన వచ్చింది, దాని తోబుట్టువు ‘డిసీట్’ (deceit)కు మాత్రం రాలేదు. ‘ఐలండ్’లో ఎస్ అయితే వేరే ఇంటి వంశవృక్షం పట్టుకుని వచ్చి కూర్చుంది, అసలు ఆ మాటకు లాటిన్‌తో చుట్టరికమే లేదు. వాళ్లకు విడిగా రాస్తాను.

ఒడియావారి మీద నాకు పిసరంత కోపం లేదని ఇక్కడే చెప్పాలి. వాళ్ల నోట వకారం బకారం కావడం తరాల నాటి సంగతి. వాసుదేవుణ్ణి ‘బాసుదేబ’ అని పిలుస్తారు, ఆయన పలుకుతున్నాడు. పలికేదే రాస్తున్నారు, అందులో కపటం లేదు. వాళ్ల సొంత పేరు సంగతే చూడండి. 2011లో ఒరిస్సా ఒడిశా కావడానికి పార్లమెంటు చట్టం చేసింది, ఒరియా ఒడియా కావడానికి రాజ్యాంగాన్నే సవరించారు. నోటికి దగ్గరగా రాయడానికి అంత శ్రమ పడిన రాష్ట్రంలో, నా ఒక్క వీ కోసం అఫిడవిట్ కావాలట. ‘వెంకటరమణ, బెంకటరమణ అనే ఇద్దరూ ఒకే వ్యక్తి’ అని నేనే, ఒకే వ్యక్తిని, ప్రమాణం చేయాలట.

మహేంద్రతనయ నది దాటి ఆంధ్రలోని పాతపట్నం వెళితే నేను వెంకటరమణను. వంతెన దిగి ఇవతలికి వస్తే బెంకటరమణను. ‘దుబితారే’ పుట్టుకలో ‘రెండు’ ఉందని, లాటిన్ ‘దుఓ’, సంస్కృతం ‘ద్వి’ ఒకే కుటుంబమని చదివినప్పుడు మరి నవ్వు రాదా? రెండింటి మధ్య ఊగిసలాడడమే డౌట్ అట. ఊగుతున్నది మేము, రాస్తున్నది వాళ్లు. మొదటి రోజుల్లో ఆ క్రియకు ‘భయపడడం’ అనే అర్థం కూడా ఉండేదట. అది పాతబడిందని నిఘంటువులు అనుకుంటున్నాయి. వాటిని చేత పట్టుకుని మా కౌంటర్ దగ్గర వరుసలో నిలబడమనండి.

అసలు నీకు సిగ్గుందా? నీ చోటు అని చెప్పుకునే మాటలో నోరు విప్పవు. ఎవరూ పిలవని నా పేరులో మాత్రం మొదటి అక్షరానివై గొంతు చించుకుంటావు. దాదాపు ఐదు వందల ఏళ్లుగా ఒక్క చప్పుడు చేయకుండా కూర్చున్నా నిన్ను ఎవరూ కదపరు. నేను ఇంటి పేరుతో, ఊరి పేరుతో, తాత చేతిరాతతో వెళ్లినా నిలువనీయరు. నీకు కాగితమే ప్రాణం, అందుకే కాగితాలు చూసేవాళ్లకు నువ్వంటే అంత ముద్దు.

షేక్‌స్పియర్ నాటకంలో, 1598లో అచ్చయిన ‘లవ్స్ లేబర్స్ లాస్ట్’లో, హోలోఫెర్నెస్ అనే పంతులు ఉన్నాడు. జనం డౌట్‌లో, డెట్ (debt)లో నిన్ను పలకడం లేదని ఒకటే బాధపడిపోతాడు. ఆయన్ని చూసి అప్పుడే నవ్వారు. ఆయన కోరిక ఇంగ్లండ్‌లో తీరలేదు కానీ మా అరుగు మీద తీరింది. మా మనవరాలికి రేపు స్పెల్లింగ్ పరీక్ష. మార్కు పోకుండా ఉండడానికి దానికి అదే ఒక ఉపాయం కనిపెట్టుకుంది. ‘డౌబ్ట్, డౌబ్ట్’ అని బీ మీద ఒత్తి, వీధి చివరి దాకా వినిపించేలా అరుస్తోంది. ‘అలా పలకకూడదమ్మా’ అంటే, ‘పలకకపోతే గుర్తెలా ఉంటుంది తాతయ్యా?’ అంటోంది. నేను ఆపలేదు. రాయడానికే తప్ప బతుక్కి నోచుకోని నిన్ను ఒక పిల్ల నోరారా పిలుస్తుంటే, నిజం చెప్పొద్దూ, కాస్త జాలి వేసింది. పరీక్ష అయ్యేదాకా ఉండు. ఆ తర్వాత మాత్రం నా పేరు ఖాళీ చేయి, అఫిడవిట్ ఖర్చు నేనే పెట్టుకుంటాను.

ఇట్లు,
వీతో వెంకటరమణ
పర్లాకిమిడి